విజిల్ పట్టిన మనిషికి మినహాయింపు సరే, వీడియో గదికి ఎందుకు?

2024 జూన్ 11న దోహాలో ఖతార్‌తో భారత ఫుట్‌బాల్ జట్టు ప్రపంచకప్ అర్హత మ్యాచ్ ఆడింది. గెలిచి ఉంటే ఆసియా అర్హత పోటీల మూడో రౌండ్‌లో మొట్టమొదటిసారి అడుగుపెట్టేది. 37వ నిమిషంలో ఛాంగ్తే కొట్టిన గోల్‌తో ఆధిక్యం కూడా దక్కింది. 73వ నిమిషంలో ఖతార్ ఆటగాడు యూసుఫ్ ఐమెన్ తలతో కొట్టిన బంతిని గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధు అడ్డుకున్నాడు. బంతి నెమ్మదిగా దొర్లుతూ గోల్‌పోస్టు పక్కనుంచి గీత దాటి బయటకు పోయింది. ఆట ఆగినట్టేనని భారత డిఫెండర్లు నిలబడిపోయారు. హాష్మీ అల్ హుసేన్ గీత అవతలి బంతిని కాలితో లోపలికి లాగాడు, ఐమెన్ దాన్ని నెట్‌లోకి పంపాడు. దక్షిణ కొరియా రిఫరీ కిమ్ వూ సంగ్ గోల్ ఇచ్చేశారు. భారత ఆటగాళ్లు ఆయన చుట్టూ మూగి వాదించినా ఫలితం లేదు. ఆ దశ మ్యాచుల్లో వీడియో సమీక్ష లేదు. 85వ నిమిషంలో ఖతార్ మరో గోల్ కొట్టి 2-1తో గెలిచింది, భారత్ ఇంటిదారి పట్టింది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫాకు, ఆసియా సమాఖ్యకు ఫిర్యాదు చేసింది, దర్యాప్తు జరపాలని కోరింది. ఫలితం మాత్రం చెక్కుచెదరలేదు. బయటకు పోయిన ఆ బంతి ఈనాటికీ రికార్డుల్లో గోలే.

ఆ రాత్రి కోపంతో రగిలిన అభిమానులు అడిగిన ప్రశ్న న్యాయమైనదే. ఇంత పెద్ద తప్పు చేసినవాళ్లు ఎవరికి జవాబు చెప్పాలి? ఫుట్‌బాల్ నియమావళి దీనికి చాలా స్పష్టమైన సమాధానం రాసిపెట్టుకుంది. గోల్ అయిందా కాలేదా అన్నదానితో సహా, ఆటలో జరిగిన సంఘటనల గురించి రిఫరీ తీసుకున్న నిర్ణయమే తుది నిర్ణయం. పొరపాటు చేశానని రిఫరీకే తెలిసొచ్చినా, ఆట మళ్లీ మొదలైతే ఇక వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు. ఆ నిర్ణయం వల్ల ఆటగాడికో క్లబ్బుకో సమాఖ్యకో కలిగిన నష్టానికి రిఫరీ బాధ్యుడు కాడని కూడా అదే అయిదో నియమం చెబుతుంది.

మొదటిసారి చదివితే ఇది తప్పించుకునే దారిలా కనిపిస్తుంది. కానీ దీని వెనక ఉన్న ఆలోచన మంచిదే. ఇరవై ఇద్దరు పరుగెత్తుతూ, నెడుతూ, పడుతూ, కొన్నిసార్లు పడినట్టు నటిస్తూ ఉంటే ఒక మనిషి వాళ్లతో పాటు పరుగెత్తుతూ రెప్పపాటులో తీర్పు చెప్పాలి. ఆ తీర్పు మీద రేపు దావా పడుతుందంటే విజిల్ పట్టడానికి ఎవరూ ముందుకు రారు. ప్రతి ఫలితం మీదా అప్పీలుకు అవకాశం ఇస్తే లీగు పట్టిక మైదానంలో కాక న్యాయవాదుల గదుల్లో తయారవుతుంది. కంటికి, క్షణానికి ఉన్న పరిమితిని గౌరవించి ఇచ్చిన రక్షణ అది. దాన్ని తీసేయాలని ఎవరైనా అంటే ఒప్పుకోవడం కష్టం.

అయితే ఈ గోడలో ఒక కిటికీ ఉంది. రిఫరీ చూడటంలో పొరబడితే దిద్దుబాటు లేదు, నియమం తెలియక తప్పుగా అమలు చేస్తే మాత్రం ఉండవచ్చు. 2015 ఏప్రిల్‌లో అండర్-19 మహిళల యూరో అర్హత పోటీల్లో ఇంగ్లండ్, నార్వే తలపడ్డాయి. 96వ నిమిషంలో 2-1తో వెనకబడి ఉన్న ఇంగ్లండ్‌కు పెనాల్టీ దక్కింది. లియా విలియమ్సన్ గోల్ కొట్టింది. ఆమె కిక్ కొట్టకముందే సహచర క్రీడాకారిణి పెనాల్టీ ప్రాంతంలోకి వచ్చేసిందని జర్మనీ రిఫరీ గోల్‌ను రద్దు చేశారు. అంతవరకు సరే. అలాంటప్పుడు పెనాల్టీ మళ్లీ కొట్టించాలి. ఆమె మాత్రం నార్వేకు ఫ్రీకిక్ ఇచ్చారు. ఇది కంటి పొరపాటు కాదు, నియమాన్నే తప్పుగా వాడటం. ఇంగ్లండ్ ఫిర్యాదు చేసింది. ఐరోపా ఫుట్‌బాల్ సంఘం తప్పు ఒప్పుకుని, ఆట ఆ పెనాల్టీ దగ్గరనుంచే మళ్లీ మొదలుకావాలని ఆదేశించింది. అయిదు రోజుల తర్వాత, అదే రోజు వేరే మ్యాచులు ఆడి అలసిన రెండు జట్లు కొత్త రిఫరీతో మైదానంలోకి వచ్చాయి. విలియమ్సన్ మళ్లీ కొట్టింది, మళ్లీ గోల్. మరికొన్ని సెకన్లకు విజిల్ మోగింది. స్కోరు 2-2. అప్పటికి పద్దెనిమిదేళ్ల ఆ అమ్మాయి తర్వాత ఇంగ్లండ్ జట్టుకే కెప్టెన్ అయింది.

ఇదే నియమం 2005లో ఉజ్బెకిస్తాన్‌కు శాపమైంది. బహ్రెయిన్‌తో ప్రపంచకప్ అర్హత ప్లేఆఫ్ తొలి మ్యాచ్‌లో ఉజ్బెక్ జట్టు 1-0తో గెలిచింది. దానికి దక్కిన ఒక పెనాల్టీ విషయంలో జపాన్ రిఫరీ అచ్చం పైన చెప్పిన పొరపాటే చేశారు. అన్యాయం జరిగింది ఉజ్బెక్ జట్టుకు, ఫిర్యాదు చేసింది కూడా వాళ్లే. ఫిఫా మ్యాచ్ మొత్తాన్ని రద్దు చేసి మళ్లీ ఆడించింది. అది 1-1తో ముగిసింది, తర్వాతి మ్యాచ్ 0-0. ప్రత్యర్థి గడ్డపై కొట్టిన గోల్ బలంతో బహ్రెయిన్ ముందుకెళ్లింది. తప్పును దిద్దబోయి, దెబ్బతిన్నవాడినే మరోసారి దెబ్బ కొట్టారు. మ్యాచ్ మళ్లీ ఆడించాలని నినదించే ప్రతిసారీ ఈ ఉదాహరణ గుర్తుచేసుకోవాలి. ఇంగ్లండ్ అమ్మాయిలకు న్యాయం జరిగింది మ్యాచ్ మళ్లీ ఆడినందుకు కాదు, తప్పు జరిగిన చోటినుంచి ఆడినందుకు.

కావాలని చేసే మోసం సంగతి పూర్తిగా వేరు. 2016 నవంబర్‌లో సెనెగల్‌తో మ్యాచ్‌లో బంతి సెనెగల్ ఆటగాడు కూలిబాలీ మోకాలికి తగిలితే ఘనా రిఫరీ జోసెఫ్ లాంప్టీ చేతికి తగిలిందంటూ దక్షిణాఫ్రికాకు పెనాల్టీ ఇచ్చారు. ఫిఫా దర్యాప్తు ఫలితాన్ని ప్రభావితం చేశారని తేల్చి ఆయన్ను జీవితకాలం నిషేధించింది. క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం దాన్ని సమర్థించింది. మ్యాచ్ మళ్లీ ఆడించగా సెనెగల్ 2-0తో గెలిచి 2018 ప్రపంచకప్‌కు వెళ్లింది. నేరానికి నేర విచారణ ఉంది, శిక్ష ఉంది. నిజాయితీగా చేసిన పొరపాటును ఈ గాటన కట్టడం అన్యాయమే కాదు, ప్రమాదం కూడా. స్వీడన్ రిఫరీ ఆండర్స్ ఫ్రిస్క్ 2005లో చెల్సీ, బార్సిలోనా మ్యాచ్ తర్వాత కుటుంబానికి వచ్చిన బెదిరింపులు తట్టుకోలేక విజిల్ వదిలేశారు. 2023 డిసెంబర్‌లో తుర్కియేలో ఒక క్లబ్బు అధ్యక్షుడు మ్యాచ్ ముగియగానే మైదానంలోకి దిగి రిఫరీ హలీల్ ఉముట్ మెలెర్ ముఖాన పిడిగుద్దు గుద్దాడు. కిందపడిన రిఫరీని చుట్టుపక్కలవాళ్లు తన్నారు కూడా. అక్కడి లీగులన్నీ కొన్నాళ్లు ఆగిపోయాయి. జవాబుదారీ గురించి మాట్లాడేటప్పుడు ఆ ముఖం మీది వాపు కళ్లముందు ఉండాలి.

మైదానంలో ఉన్నది ఒక మనిషి, అతనికి రెండు కళ్లు, ఒక క్షణం. ఈ లెక్క మీద నిలబడిన రక్షణ వీడియో అసిస్టెంట్ రిఫరీ, అంటే వీఏఆర్, వచ్చిన తర్వాత కూడా అలాగే కొనసాగుతోంది. చిక్కంతా ఇక్కడే.

2023 సెప్టెంబర్ 30న టోటెన్‌హామ్ మైదానంలో లివర్‌పూల్ మ్యాచ్‌లో జరిగింది చూస్తే ఇది తేటతెల్లమవుతుంది. 26వ నిమిషంలో కర్టిస్ జోన్స్‌కు రెడ్‌కార్డు పడి లివర్‌పూల్ పదిమందితో ఆడుతోంది. 34వ నిమిషంలో లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాస్ గోల్ కొట్టాడు. లైన్ దగ్గరి సహాయ రిఫరీ ఆఫ్‌సైడ్ జెండా ఎత్తారు, అంటే బంతి అందించే క్షణానికే అతను ప్రత్యర్థి రక్షణ వరుసను దాటి ముందున్నాడని. పశ్చిమ లండన్‌లోని స్టాక్లీ పార్క్ వీడియో గదిలో వీఏఆర్ డారెన్ ఇంగ్లండ్, ఆయన సహాయకుడు తెరమీద గీతలు గీయించి చూశారు. డియాస్ ఆన్‌సైడ్‌లోనే ఉన్నాడు. అంటే గది సత్యాన్ని సరిగ్గానే కనుక్కుంది. కానీ మైదానంలో ఇచ్చిన నిర్ణయం గోలే అని వీఏఆర్ పొరబడ్డారు. అందుకే చెక్ కంప్లీట్, అంటే పరిశీలన పూర్తయింది, అని చెప్పేశారు. ఆయన ఉద్దేశంలో ఆ మాటకు అర్థం గోల్ సరైనదేనని. మైదానంలో రిఫరీ సైమన్ హూపర్ చెవికి వినిపించింది ఆఫ్‌సైడ్ సరైనదేనని. టోటెన్‌హామ్ ఫ్రీకిక్ తీసుకుంది, ఆట మొదలైంది.

మూడు రోజుల తర్వాత విడుదల చేసిన ఆడియోలో ఆ తర్వాతి క్షణాలు వినిపిస్తాయి. పొరపాటును ముందు పసిగట్టింది రిఫరీలు కాదు, రీప్లే నడిపే ఉద్యోగి. మైదానంలో నిర్ణయం ఆఫ్‌సైడ్ కదా, మీకు ఇది సరేనా అని ఆయన అడుగుతాడు. గదిలో ఒక్కసారిగా గాభరా. ఆట ఆపించమని మరో గొంతు కోరుతుంది. ఆట మొదలైపోయింది, ఇక ఏమీ చేయలేను అని వీఏఆర్ మళ్లీ మళ్లీ అంటారు. మైదానంలో ఉన్న రిఫరీకి ఈ సంభాషణలో ఒక్క ముక్కా చేరలేదు. రెండు నిమిషాల్లో సన్ గోల్ కొట్టి టోటెన్‌హామ్‌ను ముందుంచాడు. విరామానికి ముందు గాక్పో సమం చేశాడు. జోటాకూ రెడ్‌కార్డు పడి లివర్‌పూల్ తొమ్మిదిమందికి తగ్గింది. 96వ నిమిషంలో మాటిప్ సొంత గోల్‌తో 2-1తో ఓడింది.

ఇది ఏ రకం తప్పు? కళ్లు మోసం చేయలేదు, చిత్రం స్పష్టంగా ఉంది. నియమం తెలియక జరిగిందీ కాదు. ఒక మనిషి ఒక మాటను మరో అర్థంలో చెప్పడం, రెండో మనిషి దాన్ని ఇంకో అర్థంలో వినడం, మధ్యలో సరిచూసుకునే పద్ధతి ఏదీ లేకపోవడం. కార్యాలయాల్లో జరిగే తప్పు ఇది. రోజూ ఎన్నో సంస్థల్లో ఇలాంటివి జరుగుతాయి. జరిగినప్పుడు సంస్థ బాధ్యత వహిస్తుంది, నష్టాన్ని పూడుస్తుంది. ఫుట్‌బాల్ మాత్రం ఆ గదికి మైదానంలోని ఒంటరి మనిషికి ఇచ్చిన కవచాన్నే తొడిగింది. వీఏఆర్ పరికరం పనిచేయకపోయినా, వీఏఆర్ తప్పు నిర్ణయం చెప్పినా మ్యాచ్ చెల్లకుండా పోదని నియమావళిలో రాసి ఉంది. లివర్‌పూల్ కోచ్ యుర్గెన్ క్లాప్ మ్యాచ్ మళ్లీ ఆడించడమే సరైనదని అన్నప్పుడు చాలామంది ఆయన్ను తప్పుబట్టారు. కోరిక అతిగా ఉండవచ్చు, దాని వెనకున్న గుర్తింపు మాత్రం నిజం. జరిగింది పాత రకం పొరపాటు కాదు.

ఆట మొదలయ్యాక ఏమీ చేయలేమన్న మాటను కూడా కాస్త తరచి చూడాలి. ఆట మళ్లీ మొదలైన తర్వాత కూడా వీఏఆర్ వెనక్కి వెళ్లవచ్చు. ఒకరికి బదులు మరొకరికి కార్డు ఇచ్చినా, ఎవరైనా కొట్టినా కరిచినా ఉమ్మినా నియమం అనుమతిస్తుంది. తప్పుచేసిన ఆటగాడిని పట్టుకోవడానికి తలుపు తీసే నియమం, తప్పుచేసిన అధికారి తన మాటను సరిదిద్దుకోవడానికి ఎందుకు తీయదు? వీడియో గదికీ రిఫరీకీ మధ్య సమాచారం తారుమారైందని వెంటనే తేలితే, తర్వాతి గోల్ పడకముందే ఆట ఆపి సరిదిద్దే వీలు కల్పించడం పెద్ద పని కాదు. ఆరోజు పొరపాటు తెలిసింది కొన్ని సెకన్లలోనే.

యంత్రం తప్పుచేసినా పరిస్థితి ఇదే. 2020 జూన్ 17న కోవిడ్ విరామం తర్వాత ప్రీమియర్ లీగ్ మొదలైన తొలి మ్యాచ్‌లో ఆస్టన్ విల్లా గోల్‌కీపర్ నైలాండ్ బంతిని పట్టుకుని గీత దాటి నెట్‌లోకి వెళ్లిపోయాడు. గోల్ పడితే కంపించాల్సిన రిఫరీ చేతిగడియారం కంపించలేదు. కెమెరాలన్నింటికీ ఆటగాళ్లు, గోల్‌పోస్టు అడ్డుపడ్డాయని ఆ సాంకేతికతను నడిపే హాక్ ఐ సంస్థ చెప్పి షెఫీల్డ్ యునైటెడ్‌కు క్షమాపణ చెప్పింది. వీఏఆర్ జోక్యం చేసుకోవచ్చు, చేసుకోలేదు. మ్యాచ్ 0-0గా ముగిసింది. ఆ సీజన్ చివర విల్లా 35 పాయింట్లతో గట్టెక్కింది, బోర్న్‌మత్ 34 పాయింట్లతో కింది డివిజన్‌కు పడిపోయింది. ఆ మ్యాచ్‌లో లేనే లేని క్లబ్బు మీద ఆ తప్పు బరువు పడింది. రిఫరీ యంత్రాన్ని నమ్మారు, గది ఇద్దరినీ నమ్మింది. క్షమాపణ దక్కింది గానీ, నష్టాన్ని పూడ్చే బాధ్యత ఎవరూ తీసుకోలేదు.

ఇలాంటి ప్రతిసారీ జవాబుదారీ పేరుతో జరిగేది ఒక తంతు. క్లబ్బుకు ఫోన్ చేసి క్షమాపణ చెబుతారు, సంబంధిత అధికారిని తర్వాతి మ్యాచుల నుంచి తప్పిస్తారు. 2023 ఆగస్టులో మాంచెస్టర్ యునైటెడ్ గోల్‌కీపర్ ఒనానా చివరి క్షణాల్లో వుల్వ్స్ ఆటగాడిని ఢీకొన్నా పెనాల్టీ ఇవ్వనప్పుడు అదే చేశారు. అప్పుడు మైదానంలో ఉన్నదీ సైమన్ హూపరే. డియాస్ గోల్ తర్వాతా అదే చేశారు. అంతకుముందు ఫిబ్రవరిలో ఆర్సెనల్ మీద బ్రెంట్‌ఫర్డ్ గోల్‌కు గీతలు గీయడమే మరిచిన లీ మేసన్ ఏకంగా ఉద్యోగమే వదలాల్సి వచ్చింది. అదే వారాంతంలో బ్రైటన్ గోల్ విషయంలో మరో వీఏఆర్ గీతను తప్పు ఆటగాడి దగ్గర గీశారు. ఒకే వారం రెండుసార్లు ఒకే గదిలో గీతలు తప్పాయంటే లోపం మనుషుల్లోనే ఉందని అనుకోవడం కుదరదు. మనిషిని పక్కన పెట్టడం తేలిక, అభిమానుల కోపం చల్లారుతుంది. పద్ధతి మాత్రం అలాగే ఉండిపోతుంది, మరో మనిషి దాని బారిన పడతాడు.

డియాస్ ఉదంతంలోనే చూడండి. మ్యాచ్‌కు రెండు రోజుల ముందు ఆ వీఏఆర్ అధికారులు యుఏఈలో లీగు మ్యాచ్ నిర్వహించి తిరిగొచ్చారు. అనుమతి ఇచ్చింది ఎవరు? వారాంతపు పెద్ద మ్యాచ్‌కు వాళ్లనే నియమించింది ఎవరు? ఒక వారం ఇంట్లో కూర్చున్నవాళ్లలో ఆ నిర్ణయాలు తీసుకున్నవాళ్లు లేరు.

ఇక ప్రశ్నించినవాళ్లకు పడే శిక్ష మాత్రం గట్టిగానే ఉంటుంది. 2024 ఏప్రిల్‌లో ఎవర్టన్ చేతిలో ఓడాక వీఏఆర్ అధికారి నిష్పక్షపాతాన్ని శంకిస్తూ సోషల్ మీడియాలో రాసినందుకు నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు 7.5 లక్షల పౌండ్ల జరిమానా పడింది. మన దగ్గర 2023 మార్చి 3న ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ప్లేఆఫ్‌లో సునీల్ ఛెత్రీ వేగంగా కొట్టిన ఫ్రీకిక్‌ను రిఫరీ గోల్‌గా ఇచ్చారని కేరళ బ్లాస్టర్స్ మైదానం వదిలి వెళ్లిపోయింది. క్లబ్బుకు 4 కోట్ల రూపాయల జరిమానా, కోచ్ వుకోమనోవిచ్‌కు 10 మ్యాచుల నిషేధం పడ్డాయి. ఆట మధ్యలో వెళ్లిపోవడం సమర్థించదగినది కాదు. నిష్పక్షపాతం మీద ఆధారం లేకుండా బురద చల్లడమూ కాదు. కానీ నోరెత్తినవాడికి విధించే శిక్షకు లెక్క ఉండి, తప్పు జరిగినప్పుడు వివరణ ఇవ్వాల్సిన గడువుకు లెక్క లేకపోతే ఆ వ్యవస్థ మీద నమ్మకం కుదరదు.

నిజమైన జవాబుదారీ ఎలా ఉంటుందో ఫుట్‌బాల్‌కు తెలియనిది కాదు. 2010 ప్రపంచకప్‌లో జర్మనీ మీద ఇంగ్లండ్ ఆటగాడు లాంపార్డ్ కొట్టిన బంతి గోల్ గీత దాటి లోపల పడి బయటకు వచ్చింది, గోల్ ఇవ్వలేదు. ఫిఫా అధ్యక్షుడు బ్లాటర్ ఇంగ్లండ్‌కు క్షమాపణ చెప్పారు. అది అక్కడితో ఆగలేదు. 2012 జులైలో బంతి గీత దాటిందో లేదో చెప్పే గోల్ లైన్ సాంకేతికతకు అనుమతి వచ్చింది. డియాస్ గోల్ తర్వాత కూడా కొంత మంచి జరిగింది. ఇంగ్లండ్ రిఫరీల సంస్థ పీజీఎంఓఎల్ మొత్తం ఆడియోను బయటపెట్టింది. సమీక్ష ముగించే ముందు మైదానంలో నిర్ణయం ఏమిటో, తుది ఫలితం ఏమిటో వీఏఆర్, రిఫరీ ఒకరికొకరు స్పష్టంగా చెప్పుకోవాలని పద్ధతి మార్చారు. 2025 ఏప్రిల్ నుంచి ప్రీమియర్ లీగ్‌లో సెమీ ఆటోమేటెడ్ ఆఫ్‌సైడ్, అంటే గీతలను కంప్యూటరే గీసే పద్ధతి, వచ్చింది. 2025 జనవరిలో లీగ్ కప్ సెమీఫైనల్లో రిఫరీ మైకులో నిర్ణయాన్ని స్టేడియమంతటికీ వినిపించారు. కాకతాళీయంగా అది కూడా టోటెన్‌హామ్, లివర్‌పూల్ మ్యాచే. ఒక్క అధికారిని ఒక వారం తప్పించడం కంటే ఇవన్నీ ఎన్నో రెట్లు విలువైనవి.

దీనికి పూర్తి వ్యతిరేకమైన ఉదాహరణ ఐర్లండ్‌ది. 2009 నవంబర్‌లో ఐర్లండ్‌తో మ్యాచ్‌లో ఫ్రాన్స్ ఆటగాడు థియరీ ఆన్రీ బంతిని చేత్తో ఆపి అందించగా ఫ్రాన్స్ గోల్ కొట్టి ప్రపంచకప్‌కు వెళ్లింది. ఐర్లండ్ సంఘం న్యాయపోరాటానికి దిగకుండా ఫిఫా నుంచి 50 లక్షల యూరోలు అందాయని 2015లో గానీ ప్రపంచానికి తెలియలేదు. డబ్బు చేతులు మారింది, నోళ్లు మూతపడ్డాయి. రహస్యంగా చెల్లించే పరిహారాన్ని జవాబుదారీ అనడానికి నోరు రాదు.

ఇంగ్లండ్‌లో తీర్పులు సరైనవో కావో చెప్పడానికి అయిదుగురితో ఒక ప్యానెల్ ఉంది. ముగ్గురు మాజీ ఆటగాళ్లో కోచ్‌లో, ఒకరు లీగు నుంచి, ఒకరు రిఫరీల సంస్థ నుంచి. మంచి ఏర్పాటే. కానీ అది చెప్పేది తప్పా ఒప్పా అన్నంతవరకే, తప్పు ఎందుకు జరిగిందన్నది మళ్లీ సంస్థ సొంత సమీక్షకే వదిలేస్తారు. ఏ ఆడియో ఎప్పుడు వినిపించాలో కూడా సంస్థే ఎంచుకుంటుంది. వీఏఆర్ జోక్యం చేసుకున్న ప్రతి ఘటనలోనూ, చేసుకోవాల్సి ఉండి చేసుకోనిదిగా ప్యానెల్ తేల్చిన ప్రతి ఘటనలోనూ ఆడియో నిర్ణీత గడువులో బయటకు రావాలి. పద్ధతి విఫలమైనప్పుడు విచారణ ఆ పద్ధతి రూపొందించినవాళ్ల చేతిలో ఉండకూడదు. ఇలా చేస్తే ముందు లాభపడేది రిఫరీలే. కారణం తెలిసినచోట కుట్ర కథలు అల్లడం కష్టం, ఇళ్లకు వచ్చే బెదిరింపులు మొదలయ్యేది ఆ కథల నుంచే.

మన దేశానికి ఈ చర్చ ఖర్చుతో ముడిపడి ఉంది. ప్రీమియర్ లీగ్ తరహా వీఏఆర్‌కు కెమెరాలు, శిక్షణ పొందిన మనుషులు, వేరే గది కావాలి. ఫిఫా 2024లో కొలంబియాలో జరిగిన అండర్-20 మహిళల ప్రపంచకప్‌లో ఫుట్‌బాల్ వీడియో సపోర్ట్ అనే చవకైన పద్ధతిని పరీక్షించింది. దీనిలో విడిగా వీడియో అధికారులు ఉండరు. కోచ్ మ్యాచ్‌కు రెండుసార్లు సమీక్ష కోరవచ్చు, కోరిక సరైనదని తేలితే అవకాశం మిగిలే ఉంటుంది. రిఫరీ మైదానం పక్కనున్న తెర దగ్గరికి వెళ్లి తానే చూసి తానే నిర్ణయిస్తారు. చెక్ కంప్లీట్ అని ఎక్కడినుంచో చెప్పేవాళ్లుండరు, ఆ మాటను అపార్థం చేసుకునే ప్రమాదమూ ఉండదు. దోహాలో ఆ సాయంత్రం ఇది ఉండి ఉంటే భారత కోచ్ ఒక్క సైగ చేస్తే సరిపోయేది. గీత దాటిన బంతిని గుర్తించడానికి ఒకే ఒక్క కెమెరా చాలు.